దొంగ రాజమండ్రిలో దిగలేదు

మా మావయ్యగారు, అంటే మా ఆవిడ నాన్నగారు, బ్యాంకు క్యాషియరుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఉద్యోగ జీవితంలో జరిగిన సంఘటనలన్నీ కలిపితే ఒక్కటే: పేరుమోసిన ఓ బ్యాంకు దొంగ ఒక మిట్టమధ్యాహ్నం కొత్తపేట దగ్గర వాళ్ల బ్రాంచిలోకి వచ్చాడు. నా పెళ్లినాటికి ఆ దొంగ చేతిలో పిస్తోలు ఉండేది. మా అమ్మాయి బారసాలకు అది తుపాకీ అయింది. ఈమధ్య మిషన్ గన్ దాకా వచ్చింది. ఇంకో మనవడు పుట్టి ఉంటే దొంగ ఫిరంగిని ఎడ్లబండి మీద తోలుకొచ్చేవాడే.

ఒక్క ముక్క మాత్రం ఎన్నడూ మారలేదు.

"ఎండన పడొచ్చేడు కదాని కొబ్బరిబోండాం కొట్టించేనండి. తాగేడు. బాబూ, డ్రాయర్లో డబ్బు పట్టుకెళ్లు, ఆడవాళ్ల తాకట్టు బంగారం మాత్రం ముట్టుకోకు అన్నాను. ముట్టుకోలేదండి, ఆయ్!"

ఆ రోజు బ్రాంచిలో ఉన్నవాళ్లలో ఇప్పుడు ఆయన తప్ప ఎవరూ మిగల్లేదు. ఈ మాటకిక సాక్షి ఆ దొంగ ఒక్కడే.

ఆ దొంగ మీదే సినిమా వచ్చింది. అతను స్వయంగా చెప్పిందంతా తీశామని పోస్టరు మీద వేశారు. మావయ్యగారు గంజి పెట్టిన చొక్కా తొడుక్కుని, బంధువులందరినీ వ్యానులో కుక్కి, అమలాపురం హాలుకు బయల్దేరదీశారు. ఆ బరువుకు కాలవగట్టు జానెడు కుంగిందని ఇప్పటికీ నా అనుమానం.

హాల్లో ఆయనకు ఒక పక్క నేను, రెండో పక్క ఆయన బావమరిది. తెరమీద బ్యాంకు తలుపు తెరుచుకున్నప్పుడల్లా మావయ్యగారు కుర్చీ అంచుకు జరిగేవారు.

"మనదేనండి."

కాదు, విశాఖపట్నం.

"ఇదిగో, కొబ్బరిచెట్లు! మనదేనండి."

కేరళ.

ఇంటర్వెల్లో ఆయన సమోసా ముట్టలేదు. "అసలువన్నీ తరవాతే పెడతారండి," అన్నారు. బావమరిది మాత్రం రెండు సమోసాలూ తిని, మూతి తుడుచుకుని, మహా వినయంగా అడిగాడు.

"బావగారూ, ముసుగేసుకొచ్చేడన్నారు కదా. మరి పేపర్లో ఫొటో చూసి వీడేనని ఎలా పోల్చేరండి?"

"కళ్లు చూసి."

"నల్ల కళ్లద్దాలున్నాయన్నారేంటండి, మా అబ్బాయి పెళ్లిలో?"

మావయ్యగారి చెయ్యి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

రెండో సగంలో దొంగ మద్రాసులో రైలెక్కాడు. రైలు గోదావరి వంతెన మీదికొచ్చింది. మా వరస మొత్తం ఊపిరి బిగబట్టింది. దిగరా నాయనా, రాజమండ్రిలో దిగు, కొత్తపేట రావడానికి రావులపాలెం బస్సుకు నీ టికెట్టు నేను తీస్తాను, కావాలంటే మా ఇంట్లో బంగారమంతా దోచుకో అని లోలోపల కాళ్లావేళ్లా పడ్డాను. దొంగ కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. రైలు స్టేషను దాటింది. కలకత్తాలో పోలీసులు పట్టుకున్నారు. లైట్లు వెలిగాయి.

బంధువుల్లో ఒకాయన మర్యాద కొద్దీ, "ఫొటోగ్రఫీ బావుందండి," అన్నాడు. అంతకంటే చెప్పుతో కొట్టినా బాగుండేది.

"మీకొచ్చింది ఇంకెవడో అయ్యుంటాడండి బావగారూ," అన్నాడు బావమరిది, ఓదార్పుగా. "చిన్నాచితకా దొంగ."

అందరూ వెళ్లిపోయినా మావయ్యగారు లేవలేదు. చీపురుతో వచ్చినామె మా కాళ్ల దగ్గర ఆగి, చుట్టూ ఊడ్చుకుని పోయింది.

"నేను బోండాం కొట్టించేనండి," అన్నారాయన, ఖాళీ తెర వైపు చూస్తూ.

"తెలుసండి," అన్నాను. నాకు తెలీదు. గోరంత దొరికితే కొండంత చేసే నాకు ఆ పూట నోటికి ఇంకో మాట రాలేదు.

కాసేపటికి ఆయన మొహంలోకి వెలుగు వచ్చింది. అది చూస్తే మరీ భయమేసింది.

"అల్లుడుగారూ, ఈ హాలువాళ్లు కోసేసేరండి! ఆట తొందరగా అయిపోవాలని కోసేస్తారు. రాజోలులో ఫుల్లుగా వేస్తారు."

ఇప్పుడు రీళ్లూ లేవు, కత్తెరలూ లేవని చెప్పబోయి మానుకున్నాను. వ్యానును కొత్తపేటకు పంపేసి, అమలాపురంలోనే ఉండే మా బంధువొకాయన మోటారుసైకిలు అడిగి తీసుకుని, వెనక ఆయన్ను ఎక్కించుకున్నాను. రాజోలులో సాయంత్రం ఆట అందుకున్నాం. రైలు వంతెన మీదికి రాగానే, ఈసారి ఇద్దరం పైకే బతిమాలడం మొదలుపెట్టాం.