నైరుతి కిటికీ

ఆత్మకూరులో ఇల్లు కట్టేటప్పుడు నేను చేసిన తిక్కపని ఒకటుండాది. పాప పడుకునే గదికి మొదట నైరుతి మూల కిటికీ పెట్టించినాను. గృహప్రవేశం ఇంక పది రోజులుందనగా వాస్తు చూసేటాయన వచ్చి, అక్కడ కిటికీ ఉంటే ఇంటి యజమానికి కీడన్నాడు. యజమానంటే నేనే గదా! హడలిపోయి ఇటుకలు పేర్పించి మూయించినాను. బాత్రూం వెంటిలేటరు కూడా ఆ గోడకే ఉంటే అదీ పూడిపించినాను. ముహూర్తం ఆగదని గోడ తడారకముందే పుట్టీ పెట్టి రంగేయించినాం.

మొదటి వానలకే బీరువా వెనకాల నల్లటి బూజు పట్టింది. మా ఆవిడ తుడిచేది, నేను పైన రంగు కొట్టించేవాణ్ణి. పది రోజులకి మళ్ళీ లేచేది. అది చాలదన్నట్టు ఏసీ వేసి తలుపులు బిగించినాం. ఏడేళ్ళ పాపకి దగ్గు పట్టుకుంది, ఆనక ఆయాసం, పిల్లికూతలు. నెల్లూరులో డాక్టరు మందులు రాస్తా, "ఇంట్లో చెమ్మ ఉందా?" అనడిగితే, కొత్తిల్లు సార్, చెమ్మేంది అన్నాను. అంత పొగరు నాకు.

అనంతసాగరం నుంచి మా అమ్మొచ్చింది. జన్మంతా గొర్రెలతో బతికిన మనిషి. గదిలోకొచ్చి ముక్కు చిట్లించి, గోడకి అరచెయ్యి ఆనించి చూసింది.

"ఏందిరా ఇది? దొడ్డిలో గాలాడకపోతే గొర్రెపిల్లలు దగ్గి చస్తాయని వానల్లో కూడా ఒక పక్క తడిక తీసిపెడతాం గదా. బిడ్డని దొడ్డికంటే హీనంగా పెట్టినావే."

"ఆ కిటికీ తెరిస్తే నాకు కీడంటమ్మా."

"కీడు బయటుందనుకుంటున్నావా? నీ బిడ్డ రొమ్ములో కూచోనుండాది."

గొర్రెల మధ్య పెరిగినోణ్ణి, నాకు తెలియని సంగతా అది? సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే మేస్త్రీని పిలిపించినాను. ఆయన సుత్తి పట్టుకోని, "మీకు మంచిది కాదన్నారు గదన్నా" అని నసిగినాడు. నేనే లాక్కోని మూసిన కిటికీ మీద మొదటి దెబ్బ వేసినాను. పుట్టీ అంతా గీకించి, గోడని రెండు నెలలు ఉత్తగా ఆరబెట్టినాం. బాత్రూంకి వెంటిలేటరు తెరిపించి ఫ్యాను పెట్టించినాం.

ఆయాసం ఒక్కరోజులో పోలా. మందులు వాడుతూ ఉండంగా మెల్లగా తగ్గింది. మొన్న స్కూల్లో ఆటలపోటీలంటే, వద్దన్నా వినకుండా పాప పరుగుపందెంలో నిలబడింది. అందరికంటే ఆఖర్న వచ్చింది. కానీ ఎక్కడా ఆగకుండా గీత దాకా పరిగెత్తింది. గెలిచిన పిల్ల వాళ్ళ నాయన కంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.