చెవిలో వేలంపాట

నా చిన్నప్పుడు నాది కంచు గొంతు. ఇప్పుడూ ఏం తక్కువ కాదు. సింగపూర్ టాంపినీస్ మార్కెట్లో నేను చేప ధర అడిగితే అవతలి వరసలో కూరగాయలతను తలెత్తి చూస్తాడు. మా మనవరాలు సిగ్గుపడిపోయి, "అమ్మమ్మా, నాట్ సో లౌడ్ లా" అని ఇక్కడి యాసలో అంటూ దూరంగా జరుగుతుంది. జరగనీ. ఈ గొంతు ఒకప్పుడు ఒక పడవను అమ్ముడుపోకుండా ఆపింది. ఎవరు చెప్పినా నేను దీన్ని తగ్గించను.

మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి మలయా కొబ్బరి తోటలకు వచ్చినవాడు. మా నాన్న అక్కడే పుట్టి, ఓడల యార్డులో పని దొరికితే సింగపూర్‌కు దిగివచ్చాడు. ఉత్తరపు ఒడ్డున రేకుల ఇళ్ల కంపోంగ్‌లో, అంటే మలయ్ పల్లెలో ఉండేవాళ్లం. మా గోడను ఆనుకుని ఒక తమిళ జాలరి ఇల్లు ఉండేది. ఆ ఇల్లాలిని నేను అత్తై అని పిలిచేదాన్ని, తమిళులు అత్తను అలాగే అంటారు. ఆవిడ భర్త మామ. వాళ్ల పెద్దలది నాగపట్నం వైపు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక చిన్న పడవ, నాలుగు వలలు. మామ చీకటితో వెళ్లి పొద్దు పొడిచాక తిరిగి వచ్చేవాడు. తెగిన వల కట్టడం, మిగిలిన చేప ఎండబెట్టడం అత్తై పని. మా అమ్మకేమో నా గొంతంటే చచ్చేంత భయం. "ఏటే ఆ అరుపులు, నోరు ముయ్యవే, నలుగురూ ఏటనుకుంటారు" అని రోజుకు పదిసార్లు అనేది. నేను అలిగి అత్తై గుమ్మంలోకి పోయి కూర్చునేదాన్ని. అక్కడ ఎంత అరిచినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. సముద్రం పక్కన బతికేవాళ్లకు చిన్న గొంతు పనికిరాదు మరి.

పట్టిన చేపను ఎవరికి పడితే వాళ్లకు అమ్ముకునే వీలు అప్పట్లో మా ఒడ్డున లేదు. ఐసు ఒకడి దగ్గరే ఉండేది, లారీ కూడా వాడిదే. జెట్టీ మీద షెడ్డులో వేలం వేసేదీ వాడే. వేలమంటే మనకు తెలిసిన పాట కాదు. కొనేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వేలందారు చెవిలో తమ ధర చెప్పి పక్కకు తప్పుకునేవారు. అందరివీ విన్నాక వాడు ఒకరి వైపు వేలు చూపించేవాడు. ఎవరెంత అన్నారో వాడి చెవికి తప్ప మరొకరికి తెలియదు. చేప పట్టినవాడికి అసలే తెలియదు. ఆ తీరాల్లో ఇది పాత పద్ధతే, చెవి నిజాయితీది అయితే చెరుపేమీ లేదు. మా జెట్టీలో మాత్రం మంచి బుట్ట వచ్చినప్పుడల్లా అది వేలందారు బావమరిదికే పోయేది. వేలందారు కూడా మామ ఊరి వైపు వాడే. మనవాడు మనకు అన్యాయం చేస్తాడా అని మామ నమ్మకం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అత్తై ఈశ్వరుడి కోసం ఎదురుచూడలేదు.

ఆ ఏడు మామ విసిగిపోయాడు. పడవ అమ్మేసి, మా నాన్న యార్డులో కాపలా పనికి చేరతానన్నాడు. పల్చటి చెక్క గోడ, అవతలి మాట ప్రతిదీ మాకు వినిపించేది. పడవ పోతే ఈ ఒడ్డున మనమెవరం అని అత్తై కొట్లాడింది. చివరికి ఇద్దరూ ఒక మాటకు వచ్చారు. చైనావాళ్ల కొత్త సంవత్సరం దగ్గర పడుతోంది. ఆ విందుకు తెల్ల చందువ లేకపోతే కుదరదు, ఆ రోజుల్లో దాని ధర ఆకాశంలో ఉంటుంది. ఆ పండగ చేప కూడా మట్టి ధరకే పోతే, పడవ అమ్మేయడమే.

మామ అదృష్టమో, అత్తై మొండితనమో, పండగకు ముందు ఒక ఉదయం బుట్ట నిండా చందువలు పడ్డాయి. వెండి పళ్లేలు పేర్చినట్టున్నాయి. అత్తై మా గుమ్మం ముందుకు వచ్చి, పాప్పను ఒకసారి పంపమని మా అమ్మను అడిగింది. చిన్నపిల్లను వాళ్లు పాప్ప అంటారు. బుట్ట పట్టుకోవడానికేమోనని అమ్మ పంపింది. పాపం, తెలిస్తే చచ్చినా పంపేది కాదు.

ఆడవాళ్లు ఆ షెడ్డులోకి వెళ్లేవారు కాదు. అత్తై వెళ్లింది. బుట్టను మధ్యలో దింపించి, మూత పెట్టి, చీర సర్దుకుని దాని మీద కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. వేలందారు నవ్వుతూ లెమ్మన్నాడు.

"గుసగుసలు ఇంటికెళ్లి నీ పెళ్లాం దగ్గర చెప్పుకో. నా చేప సంగతి అందరికీ వినపడాలి. అప్పటిదాకా నేను లేవను" అంది అత్తై.

షెడ్డు గొల్లుమంది. వాడికేం తొందర లేదు. ఎండ ఎక్కుతోంది, ఐసు వాడి చేతిలో ఉంది, పాడైతే వీళ్ల చేపే పాడవుతుంది. పెద్దల కాలం నాటి పద్ధతి మార్చడానికి నువ్వెవరివి అన్నాడు. మామ తలవంచుకుని వచ్చి, లేవమని, పరువు పోతోందని బతిమాలాడు. "పరువు సంగతి తర్వాత. పోయేది పడవ" అని ఆవిడ కదల్లేదు. నేను బుట్ట అంచు పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాను. ఆవిడ మాత్రం సొంత అరుగు మీద కూర్చున్నంత నిమ్మళంగా కూర్చుంది.

అయితే కొనేవాళ్లకు తొందరగా ఉంది. పండగ ముంచుకొస్తోంది, చందువలు ఎదురుగా ఉన్నాయి. హోటలు నడిపే ఒక ముసలి చైనా తౌకే, అంటే షావుకారు, మాటిమాటికీ ఆకాశం చూసుకుంటున్నాడు. అది కనిపెట్టి అత్తై పాచిక వేసింది. సరే, చెవిలోనే చెప్పండి, కానీ ఆయన చెవిలో చెప్పిందే నా చెవిలోనూ చెప్పండి అంది. పరాయి ఆడదాని చెవి దగ్గరకు ఎవరు వంగుతారు? అందరూ ఇబ్బందిగా నవ్వారు. అప్పుడు నా భుజం పట్టి ముందుకు తోసింది. "ఈ పాప్ప చెవిలో చెప్పండి. తెలుగువాళ్ల పిల్ల, నాకు చుట్టం కూడా కాదు."

వేలందారు నన్ను కిందికీ మీదికీ చూశాడు. ఇంత పిల్ల నా ముందు ఏం నోరు విప్పుతుందిలే అనుకున్నాడు కాబోలు, ఒప్పుకున్నాడు.

ఒక్కొక్కరే వచ్చారు. వాడి చెవిలో చెప్పి, వంగి నా చెవిలో చెప్పారు, మలయ్ మాటల్లో. కంపోంగ్‌లో పుట్టిన ఏ పిల్లకు రాదు మలయ్? ఒకాయన దగ్గర వెల్లుల్లి వాసన, ఇంకొకాయన దగ్గర తలనూనె. బావమరిది గొణిగి పోయాడు. ఆఖరున హోటల్ తౌకే మోకాళ్లు పట్టుకుని వంగి, చుట్ట వాసనతో తన ధర చెప్పాడు. అంకెలన్నీ నేను పెదవులు కదపకుండా వల్లె వేసుకున్నాను.

వేలందారు వేలు బావమరిది వైపు తిరిగింది.

షెడ్డంతా నా మొహం చూసింది. వాడూ చూశాడు, కళ్లతోనే నొక్కేస్తున్నట్టు. మా అమ్మ మాట చెవుల్లో హోరెత్తింది, నోరు ముయ్యవే, నోరు ముయ్యవే అని. అత్తై నా వైపు చూడనేలేదు. చెప్పమని సైగ కూడా చెయ్యలేదు. అంతవరకూ ఎవరెన్ని అన్నా లేవని మనిషి, మెల్లగా బుట్ట మీంచి లేచి పక్కన నిలబడింది. నేను చెప్తానని ఆవిడకు అంత నమ్మకం. అది చూశాక నేను ఆగలేదు. హోటల్ తౌకే ధర అరిచాను. బావమరిది ధర కూడా అరిచాను. ఒకటి రెండోదానికి రెట్టింపు. జెట్టీ చివర పడవల్లో ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారట.

"బెతుల్" అన్నాడు హోటల్ తౌకే. నిజమే అని. ఇంకేం మాట్లాడకుండా వచ్చి బుట్ట మీద చెయ్యి వేశాడు.

ఇంట్లో నాకు పడాల్సినవన్నీ పడ్డాయి. ఆ సాయంత్రం అత్తై ఒక చందువను ఆకులో చుట్టి తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది. "వల లాగిన చేతికి వాటా ఇస్తాం. ఇవాళ లాగింది నీ కూతురి నోరు" అంది. అమ్మ ముక్కు చీదుకుంటూనే చింతపండు పులుసు పెట్టింది. నా కంచంలో తల ముక్క వేసింది. అది మా ఇంట్లో ఎప్పుడూ నాన్నదే.

కథ అక్కడితో కంచికి పోలేదు. మర్నాటి నుంచి వేలందారు వాళ్లకు ఐసు ఆపేశాడు. ఆపితే ఆపాడు! అత్తై చేపల బేసిన్ నెత్తిన పెట్టుకుని బస్సెక్కింది. వాసనని కండక్టరు గొణిగితే, నీ మధ్యాహ్నం కూరలో వేసుకునేది ఇదే కదయ్యా అంది. హోటల్ తౌకే వంటింటి వెనక తలుపు దగ్గర, ఇళ్ల గుమ్మాల్లో తిరిగి అమ్మింది. కొన్ని రోజులు సగం చేప పాడైపోయేది, కొన్ని రోజులు ఆవిడ మెడ తిప్పలేకపోయేది. పడవ మాత్రం అమ్మలేదు. ఆ ఒడ్డునే మట్టి పోసి పూడ్చి, అందరినీ ఫ్లాట్లకు పంపేదాకా అది నీళ్ల మీదే ఉంది. అత్తై ఇప్పుడు లేదు. ఆవిడ ఏ బడిలోనూ చదవలేదు, నాకు మాత్రం చదువు చెప్పింది.

అప్పటినుంచీ ఎవరైనా నా చెవి దగ్గరకు వంగితే ఆ చుట్ట వాసన గుర్తొచ్చి తల వెనక్కి లాగేస్తాను. మొన్న మనవరాలు వన్-నార్త్‌లో ఆఫీసు నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది. పెద్దాయన గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఈ ఏడు నీకు పెంచేది ఇంతే, ఎవరికీ చెప్పకు అన్నాడట. పక్క సీటు కుర్రాడికి ఎంత పెంచారో అడగకూడదట. వంటింట్లో నా పక్కన చేరి, ఈ సంగతంతా నా చెవిలో చెప్పింది. నేను తల వెనక్కి లాగాను.

"గట్టిగా చెప్పవే."

"అమ్మమ్మా, నెక్స్ట్ డోర్ వాళ్లకి వినపడుతుంది లా."

"వినపడనీ. రేపు అక్కడా తలుపు తీసి ఇలాగే అడుగు."

పిల్ల తలుపు వైపు చూసింది. నేను చెప్పమని మళ్లీ అనలేదు. స్టవ్వు ఆపి, కూర్చున్న కుర్చీలోంచి లేచి పక్కన నిలబడ్డాను. అది గొంతు సవరించుకుని మొదటినుంచీ గట్టిగా చెప్పింది. అబ్బో, దానిదీ కంచే.