సిస్టరమ్మ కాకర పందిరి

మంగళవారం పొద్దున జువ్వలదిన్నె హార్బరులో చేపల పెట్టెలు వ్యానులోకి ఎక్కిస్తుండగా ఫోను మోగింది. సిస్టరమ్మ పోయిందట. నిద్రలోనే పోయిందని ఆమె చెల్లెలు చెప్పింది. ఈ చేతులు ఇవాళ వణకకుండా స్టీరింగు పట్టుకుంటున్నాయంటే అది ఆమె పుణ్యమే.

ఆమె ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. అందుకే అందరికీ సిస్టరమ్మ. తాగి బండి నడిపి పట్టుబడి, లైసెన్సు పోగొట్టుకున్న నాలాంటి వాళ్లకు తుఫాను షెల్టరు మేడ మీద ప్రతి శనివారం క్లాసు చెప్పేది. ఒక్కొక్కరి మీద రిపోర్టు కూడా రాసేది. ‘ఇతను బండి నడపవచ్చు’ అని ఆమె రాస్తేనే లైసెన్సు తిరిగి చేతికొచ్చేది.

నేను పట్టుబడింది పొద్దున తొమ్మిదింటికి. పక్క సీట్లో మా అమ్మాయి, స్కూలు యూనిఫాంలో. దారిలో బడి దగ్గర దింపుదామని ఎక్కించుకున్నాను. పోలీసులు ఆపి గొట్టంలో ఊదమన్నారు. అది రాత్రి తాగిన మందు కాదు, ఇంట్లోంచి బయల్దేరే ముందు వేసుకున్నది. మా అమ్మాయి బండి దిగింది. సంచి భుజాన వేసుకుని బడికి నడిచి వెళ్లిపోయింది. ఇక నా బండి ఎక్కలేదు. తిట్టినా బాగుండేది.

మొదటి శనివారం సిస్టరమ్మ మాకు ఫారాలు ఇచ్చింది. ‘ఎంత తరచుగా తాగుతారు’ అన్నచోట అందరం ఒకటే రాశాం. ఆమె అన్నీ తిరగేసి తలెత్తింది.

“పన్నెండు మంది ఉండారు. పన్నెండు మందీ అప్పుడప్పుడేనా? మరి బ్రాందీ షాపు తెరవకముందే వాకిట్లో నిలబడేది ఎవురబ్బా?”

మేం నవ్వాం. ఆమె నవ్వలేదు. సంచిలోంచి చిరిగిన వలముక్కలు, వల అల్లే సూదులు తీసి చేతుల్లో పెట్టింది. చిరిగినచోట పది కన్నులు, అంటే వల గళ్లు, అల్లమంది. బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చిన వరికోత మిషను డ్రైవరు ఒకడు సూది ఎలా పట్టుకోవాలో తెలియక దిక్కులు చూస్తుంటే, పక్కన కూర్చుని నేర్పింది. నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. నేను చేపలు పట్టేవాళ్ల ఇంట పుట్టినవాణ్ణి. అయినా నేను అల్లిన కన్నుల్లో ఒకటి పిడికిలి దూరేంత, ఒకటి వేలు కూడా పట్టనంత.

“దారం జారతా ఉండాది సిస్టరమ్మా,” అన్నాను.

“దారం జారలా నాయనా, చెయ్యి వణకతా ఉండాది. నోటికేముంది, ఏమన్నా చెప్తాది. చేతికి అబద్ధం చెప్పడం రాదు.”

ఆ ముక్కకు నా పేరు రాసిన గుడ్డపీలిక కట్టి దాచుకుంది. ఆ మధ్యాహ్నమే నన్ను డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానితే ఒళ్లు ఎదురు తిరుగుతుందని, డాక్టరు చెప్పినట్టే మానాలని ఆమె పట్టుదల.

మా వైపు ఒక కట్టుబాటు ఉంది. తాగినవాణ్ణి పడవ ఎక్కనివ్వరు. ఎంత దగ్గరి చుట్టమైనా ఒడ్డున వదిలేసి పోతారు. ఆమె దాన్నే పట్టుకుని మమ్మల్ని దులిపేది. “సముద్రానికి భయపడతారే, రోడ్డుకు భయపడరేం? సముద్రంలో మీ పడవే మునిగేది. రోడ్డు మీద ఎదురొచ్చేవాడు గూడా మునుగుతాడు.”

మూడు నెలలకు నా కన్నులు కుదిరాయి. అప్పుడే బావమరిది పెళ్లిలో మళ్లీ తాగాను. ఆ శనివారం మళ్లీ వణుకు. ఆమె రిపోర్టులో ‘ఇప్పుడే కాదు’ అని రాసింది. నాకు ఒళ్లు మండింది. నా పొట్ట కొడతావా అని అందరి ముందూ అరిచాను.

ఆమె కళ్లజోడు తుడుచుకుంటూ, “నీ పొట్ట ఒక్కటే చూస్తే ఎట్ట నాయనా, రోడ్డు మీద పొయ్యే వాళ్లందరినీ చూడద్దా? మళ్లా శనివారం రా. నీ సూది తీసిపెట్టుంటా,” అంది.

సిగ్గు విడిచి వెళ్లాను. ఆ తర్వాత ఏ శనివారమూ మానలేదు.

లైసెన్సు తిరిగొచ్చిన రోజు ఆమే ముందుగా నా వ్యాను ఎక్కింది. “నడపచ్చని రాసింది నేను. నేనే ఎక్కకపోతే ఇంకెవురు ఎక్కుతారు?” అని సూదుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంటి దగ్గర దిగేటప్పుడు అడిగింది.

“మీ పాప ఎక్కిందా?”

“లేదు సిస్టరమ్మా.”

“తొందరపెట్టబాక. ఆ పిల్ల రిపోర్టు ఆ పిల్లే రాస్తాది.”

అది జరిగి ఏడాది దాటింది. మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. రోజూ బస్సులోనే పోతుంది. నేను ఒక్కసారి కూడా బండి ఎక్కమని అడగలేదు.

సిస్టరమ్మను చివరిసారి చూడటానికి మా అమ్మాయి కాలేజీ నుంచి బస్సులో వచ్చింది. అంతా అయ్యాక ఇద్దరం ఆమె ఇంటి పెరట్లోకి వెళ్లాం. అక్కడ కాకర పందిరి ఉంది. తీగ పాకింది వల మీద. మేమంతా అల్లిన ముక్కలన్నీ కలిపి కుట్టేసింది సిస్టరమ్మ. వెలిసిపోయిన గుడ్డపీలికలు అక్కడక్కడా వేలాడుతున్నాయి.

“నీదేది నాన్నా?” అంది మా అమ్మాయి.

నేను చివర్లో అల్లిన చక్కటి ముక్క కళ్లెదుటే ఉంది. నేను మొదటిదే చూపించాను. పిడికిలి దూరే ఆ పెద్ద కన్నులోంచి ఒక లేత కాకరకాయ కిందికి దిగి ఉంది. అమ్మాయి దాన్ని వేలితో మెల్లగా తాకింది.

వచ్చేటప్పుడు సిస్టరమ్మ చెల్లెలు సూదుల సంచి నా చేతికిచ్చింది. శనివారం జనం వస్తారు, ఎట్టా అంది. రిపోర్టులు రాసే చదువు నాకు లేదు, అది ఇంకెవరైనా చూడాలి. సూదులు పంచి పక్కన కూర్చోవడం వచ్చు. వస్తానని చెప్పాను.

“బస్సు టైమైందమ్మా,” అన్నాను బయటికొచ్చాక.

“తెలుసు నాన్నా.”

తను వ్యాను ముందు తలుపు తీసి ఎక్కింది. చెయ్యి చాచి నా దగ్గర సంచి తీసుకుని, సిస్టరమ్మ లాగే ఒళ్లో పెట్టుకుంది. ఏడుపు ఆపుకుంటూ తాళం తిప్పబోతే నా చెయ్యి వణికింది. మా అమ్మాయి చూసింది.

“తొందరేం లేదు నాన్నా. నిదానంగానే పోదాం,” అంది.