పదకొండు మార్కుల కాపురం

ఆ ఆదివారం ఉదయం పది గంటలకు హాల్లో ఉన్నవి ఇవి: కుటుంబ కేసులు చూసే వకీళ్లు ముప్పై ఎనిమిది మంది, ప్రొజెక్టర్ ఒకటి, పనిచేసే మైకు ఒకటి, పనిచేయని మైకు ఒకటి, ఖమణ్ ఫలహారం పొట్లాలు నలభై, మా సీనియర్ మేడమ్, నేను, నేను తయారుచేసిన ఫారం, పద్నాలుగేళ్లుగా ఒక్క గొడవ కూడా లేకుండా కాపురం చేస్తున్న ఒక జంట. మధ్యాహ్నం భోజనాలకు లేచేసరికి చివరిది తప్ప అన్నీ క్షేమంగా ఉన్నాయి. ఖమణ్ కూడా మిగిలింది.

ఇది రెండేళ్ల కిందటి మాట. నేను ముందు ఇంజనీరింగ్, తరువాత లా చదివాను. అంటే ఏ పనినైనా రెండు పద్ధతుల్లో పాడుచేయగలను. సూరత్‌లో ఒక మేడమ్ దగ్గర జూనియర్‌గా చేరాను. కుటుంబ చట్టంలో ఇటీవలి మార్పుల మీద ఆవిడ వకీళ్లకు ఒకరోజు శిక్షణ పెట్టి, అందులో నాకు అరగంట ఇచ్చారు. నా అంశం: పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకోవాలంటే భార్యాభర్తలు ఏడాదికి తగ్గకుండా విడిగా ఉండాలి. విడిగా అంటే వేరే ఇంట్లోనే కానక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉంటూ ఆలుమగల్లా బతకకపోయినా విడిగా ఉన్నట్టే.

దీన్ని కొలవడానికి కంప్యూటర్‌లో పన్నెండు ప్రశ్నల ఫారం తయారుచేశాను. విడి బతుకును చూపే ప్రతి జవాబుకూ ఒక మార్కు. ఎనిమిది దాటితే విడిగా ఉన్నట్టు. చట్టంలో ఇంకో రెండు షరతులున్నాయి: కలిసి బతకలేకపోవడం, విడాకులు ఇద్దరికీ ఇష్టం కావడం. వాటిని తరువాతి వెర్షన్‌లో కలుపుదామనుకున్నాను.

ఏ పరికరాన్నైనా ముందు ఫలితం తెలిసిన వస్తువు మీద పరీక్షించాలి. లాబ్‌లో దాన్ని కంట్రోల్ శాంపిల్ అంటారు. నాకు సున్నా మార్కులు వచ్చే జంట కావాలి. దూరం వెళ్లనక్కర్లేదు. భేస్తాన్ పేటలో నేను అద్దెకుండే గది కిందే ఓదెలన్న, భాగ్యవదిన ఉంటారు. ఇద్దరిదీ కరీంనగర్ వైపు పల్లె. అన్న మగ్గాల కార్ఖానాలో నైట్ షిఫ్ట్. వదిన పర్వత్ పాటియా దగ్గర చీరలు మడతపెట్టే పనికి పగలు వెళ్తుంది. నా రాత్రి భోజనం వదిన చేతిదే. అప్పటికి అక్కడున్న రెండేళ్లలో కింది నుంచి గట్టి మాట ఒక్కటి వినలేదు. ఎందుకు వినలేదని సాంకేతిక విద్య చదివినవాడికి అనుమానం రావాలి. నాకు రాలేదు.

"వకీళ్ల ముంగట మేమేం జెయ్యాలె తమ్మీ?" అంది వదిన.

"ఏం లేదు వదినా. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్తే చాలు. మంచి కాపురం ఎట్లుంటదో వాళ్లకు చూపిస్త."

"మీ అన్న నైట్ దిగొస్తడు. కూసున్నకాడనే నిద్రవోతడు."

"పోనీ. కూర్చుంటే చాలు."

హాల్లో వదిన మాటను అన్న నిలబెట్టాడు. నేను నమస్కారం చెప్పేలోపే నిద్రపోయాడు.

మొదటి ప్రశ్న: రోజుకు ఎన్ని గంటలు ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు?

"గంటలా?" అని అన్న కళ్లు తెరిచాడు.

"నేను పొద్దుగాల పనికి పోయేటప్పుడు ఆయన డ్యూటీ దిగొస్తడు. మూలమీద ఆటో కాడ తాళంచెవి ఇస్త. సాయంత్రం గదే మూలమీద ఆయన నాకిస్తడు" అంది వదిన.

"అప్పుడేం మాట్లాడుకుంటరు?"

"ఏం మాట్లాడుతం? 'పాలు ఇరిగినయ్' అంట. 'సరే' అంటడు."

ఒక మార్కు వేసి, జవాబును హిందీలో హాలుకు చెప్పాను. ఒక మార్కు ఏ కొలతలోనైనా వచ్చే చిన్న తేడా. కంగారు పడలేదు.

సెలవు రోజులు? అన్నకు బుధవారం, ఆ రాత్రీ ఓవర్‌టైముకు పోతాడు; వదినకు ఆదివారం, అన్న నైట్ దిగి నిద్రపోయే రోజు. రెండో మార్కు. మంచం?

"ఒక్కటే. నేను లేచిపోయినంక ఆయన పంటడు. ఆయన లేచిపోయినంక నేను."

మేడమ్ కళ్లజోడు పెట్టుకున్నారు. ఇంటి విషయాలు ఒకరికొకరు ఎలా తెలియజేసుకుంటారు?

"స్టవ్ మీద చిట్టీ పెడత. 'పప్పు ఉడికింది, పోపు పెట్టుకో' అని."

"నేను గూడ రాస్త," అన్నాడు అన్న, తన వంతు తగ్గకూడదని. "'పోపు మాడింది' అని."

వెనక వరుసలో ఎవరో క్రికెట్ స్కోరులా మార్కులు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆపవచ్చు. కానీ సగంలో ఆపిన పరీక్ష చెల్లదని మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పారు.

పన్నెండో ప్రశ్న: గత ఏడాదిలో ఎన్నిసార్లు గొడవపడ్డారు?

"ఒక్కపారి గూడ లేదు," అన్నారిద్దరూ ఒకేసారి.

"టైమేడున్నది?" అన్నాడు అన్న.

ఆ ఒక్కదానికే మార్కు పడలేదు. మొత్తం పదకొండు. ఫలితం దానంతటదే తెరమీదికి వచ్చేలా నేనే ఏర్పాటు చేశాను. ఎర్రటి హిందీ అక్షరాలు వచ్చాయి: 'ఈ దంపతులు విడిగా జీవిస్తున్నారు. పరస్పర అంగీకార విడాకులు పరిశీలించండి. ఆరు నెలల గడువు తగ్గించమని కోర్టును కోరే అవకాశం ఉంది.'

చీరల పెట్టెల మీద హిందీ చదివీ చదివీ వదిన నాకంటే వేగంగా చదువుతుంది.

"ఏంది తమ్మీ గిది? మేం ఇడిసిపెట్టుకున్నమా?"

"లేదు వదినా, ఇది ఉత్త పరీక్ష..."

"పద్నాలుగేండ్ల సంది డే షిఫ్టుకు మారుమని చిట్టీలల్ల మొత్తుకుంటున్న. రాత్రి శేఠ్ ఉండడు, చల్లగుంటది అంటడు. ఇగో, ఇయ్యాల సర్కారే గోడమీద రాసింది!"

"సర్కారు కాదు వదినా, నేనే..."

"సంతకం ఏడ పెట్టాలె?"

ముగ్గురు వకీళ్లు విజిటింగ్ కార్డులు తీశారు. వాళ్లను తప్పుపట్టను. శిక్షణకు ఫీజు కట్టి వచ్చారు.

అన్నకు నిద్ర పూర్తిగా వదిలింది. "సంతకమెందుకే?"

"పన్నెండుకు పదకొండు అచ్చినయ్!"

"అయితే మంచియే గదా! నాకు బడిల ఎన్నడు గన్ని రాలే."

హాలంతా నవ్వింది. వదిన నవ్వలేదు. కొంగు సర్దుకుని లేచి నిలబడింది. నేను విడగొట్టిన మొదటి జంట నాకు అన్నం పెట్టే జంట అవుతోందని అప్పుడు అర్థమైంది.

మేడమ్ లేచి వచ్చి, "ఆమెకు ఏం కావాలో అడుగు బేటా," అన్నారు హిందీలో.

నా పన్నెండు ప్రశ్నల్లో అది లేదు. అడిగాను.

"నాకేం గావాలె? వేడిగ కూడు పెట్టి, ఎదురుంగ కూసోవాలె. ఈయన తినంగ ఎన్నిమాట్ల జూసిన్నో వేళ్లమీద లెక్కవెట్టొచ్చు. చిట్టీలు రాసుడే అయిపాయె నా బతుకు."

దాన్ని హిందీలో రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. మొదటిసారి, పనిచేసే మైకు పనిచేయలేదు. మైకే.

అన్న చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. "రేపు శేఠ్‌నడుగుత."

"రేపుగాదు."

వరండాలోకి వెళ్లి ఫోన్ చేసి వచ్చాడు. "సోమవారం సంది డే షిఫ్టు," అన్నాడు. ముప్పై ఎనిమిది మంది వకీళ్లు, కేసు పోయినందుకు కూడా బాధపడకుండా, చప్పట్లు కొట్టారు. ఇంటికి బయల్దేరేటప్పుడు మేడమ్ నన్ను పక్కకు పిలిచి, "ఫారం చాలా బాగుంది బేటా. ఇంకెప్పుడూ వాడకు," అన్నారు.

మొదటి వారం బాగానే గడిచింది. తరువాత అన్న గురకపెడతాడని వదినకు తెలిసింది. ఫ్యాన్ ఐదు మీద ఉంటేనే వదిన పడుకుంటుందని అన్నకు తెలిసింది. ఒక్క మంచానికి రెండు పక్కలుంటాయని, గోడపక్కే ఇద్దరికీ కావాలని ఇద్దరికీ తెలిసింది. పోపు సంగతి చిట్టీలో కాకుండా నోటితో చెప్తే ఎలా ఉంటుందో మా వీధికంతా తెలిసింది. నా భోజనం ఇప్పుడు వాళ్లిద్దరి మధ్య కూర్చుని.

"తమ్మీ, నువ్వు పెట్టిన పంచాయితీ. నువ్వే తెంపాలె," అంటుంది వదిన, అన్నం వడ్డించకముందే. తీర్పు తరువాతే కూర.

కాబట్టి నల్లకోటు మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను: నాకు అన్నం పెట్టే ఇంటిని ఇక ఎన్నడూ, ఏ పరికరానికీ కంట్రోల్ శాంపిల్‌గా వాడను. ఫారాన్ని కంప్యూటర్‌లోంచి తుడిచేశాను. వదిన కోరిక మీద పన్నెండో ప్రశ్నకు మాత్రం నెలనెలా లెక్క రాస్తున్నాను. పోయిన నెలలో రోజులు ముప్పై ఒకటి. గొడవలు ముప్పై నాలుగు. వదిన గెలిచినవి ముప్పై నాలుగు.