సైదున్నీసా శొంఠి కొమ్ము

ప్రొద్దుటూరులో డాక్టర్ కోదండపాణి నర్సింగ్ హోం ఎక్కడని అడిగితే జనం వీధి పేరు చెప్పేవారు కాదు. "సైదమ్మ ఉండే ఆసుపత్రా? నేరుగా పో" అనేవారు. డాక్టరు చదువు మద్రాసుది, బోర్డు మీద అక్షరాలు ఇత్తడివి, పేరు మాత్రం ఆయాది. పాపం, ఆ సంగతి డాక్టరుకు తెలియదు. తెలిసినా ఆయన ధ్యాసంతా వేరేచోట ఉండేదిలెండి.

సైదున్నీసా వేంపల్లె మనిషి. పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చింది. మగ్గం నేసే మొగుడు ముప్పయ్యేళ్లకే కన్నుమూస్తే, అన్న ఎద్దులబండి తోలుకొచ్చి, "మా ఇంట్లో ఒక మూల ఉందువుగాని రా" అన్నాడు. ఆ "మూల" అన్న మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. మూలన ఉండడానికి నేనేమన్నా చీపురుకట్టనా అనుకుంది. బండి ఖాళీగా వెనక్కి పోయింది. మర్నాడే వెళ్లి ఆసుపత్రిలో ఆయాగా చేరింది. వెనక నీళ్లతొట్టి పక్కన ఆమెకొక గది ఇచ్చారు. మంచం వేస్తే మనిషి పట్టదు, మనిషి నిలబడితే మంచం పట్టదు. అయితేనేం, దానికి తాళం ఉంది, ఆ తాళంచెవి సైదున్నీసా కొంగున ఉంది. పదకొండేళ్లుగా ఆమె ఆస్తి అదొక్కటే. పని పోతే గది పోతుంది. గది పోతే వేంపల్లెలో ఆ మూలే గతి.

ఆమె పని సూదులు ఉడకబెట్టడం, పక్కలు మార్చడం. అసలైన పని మాత్రం ఇంకొకటి. ఆపరేషన్‌కు ముందు వెన్నులో సూది వేసి నడుము కింద మొద్దుబారేలా చేసేవారు. ఆ సూది పేరు చెబితే పులివెందుల పక్కనుంచి వచ్చే బానకడుపు, బారుమీసాల పెద్దమనుషులు కూడా గోడకు కరుచుకుపోయేవారు. అప్పుడు సైదున్నీసా ముందుకొచ్చి, వాళ్ల తల తన భుజానికి ఆనించుకుని, "కడుపులో బిడ్డ మాదిరి ముడుచుకో నాయనా, అంతే, అయిపోయె" అనేది. అయిపోయేది కూడా.

"సైదమ్మా, నా కాళ్లు యాడికి పోయినాయి?" అని లింగాల రైతు ఒకాయన టేబుల్ మీద గోలపెట్టాడు.

"యాడికీ పోలేదప్పా. ఈడనే నిద్రపోతాండాయి. సాయంత్రానికి లేస్తాయిలే."

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడాది తిరిగేసరికి డాక్టరుగారికి రీసెర్చ్ పిచ్చి పట్టింది. వెన్నుసూది వేసినవాళ్లలో కొందరికి ఒకటి రెండు రోజుల్లో తలనొప్పి వస్తుంది. మామూలు తలనొప్పి కాదు. పడుకుంటే హాయి, లేచి కూర్చుంటే తల పగిలిపోతుంది. సూది చేసిన బెజ్జంలోంచి వెన్నులోని నీరు కారడమే దీనికి కారణమని పుస్తకాల్లో ఉంది. సూది సన్నదైతే నొప్పి తగ్గుతుందా, మన ఊళ్లో మన మనుషుల మీద తేల్చిచూద్దాం అనుకున్నాడాయన. ఒకరోజు లావు సూది, మర్నాడు సన్న సూది. ఆపరేషన్ అయిన రెండో రోజూ మూడో రోజూ కాంపౌండర్ నారాయణ రిజిస్టరు పట్టుకుని మంచం మంచానికీ వెళ్లి, "తలనొప్పి ఉందా, లేదా?" అని అడిగి రాసుకోవాలి. ఆ లెక్కతో మద్రాసులో డాక్టర్ల సభలో వ్యాసం చదవాలి. ఆలోచనకేం, బంగారంలాంటి ఆలోచన.

కాకపోతే ఆయనకు సూదుల సంగతి తెలిసినంతగా మనుషుల సంగతి తెలియదు.

సింహాద్రిపురం భారతమ్మ సంగతే చూడండి. గర్భసంచి ఆపరేషన్, లావు సూది రోజు. మూడో రోజు పొద్దున్నే నారాయణ వచ్చి అడిగాడు.

"తలనొప్పి ఏమన్నా ఉండాదామ్మా?"

"మీ దయ నాయనా. పువ్వు మాదిరుండాను. డాక్టరుసామి చెయ్యి పడినాక నొప్పి యాడ నిలుస్తాది?"

నారాయణ "లేదు" అని రాసుకుని పక్క మంచానికి పోయాడు. అతని చెప్పుల చప్పుడు మలుపు తిరిగిందో లేదో, భారతమ్మ తల రెండు చేతులా పట్టుకుంది.

"సైదమ్మా, నీకు పుణ్యముంటాది, తల పేలిపోతాంది. ఇంత శొంఠి పట్టు ఎయ్యవా?"

"ఆయప్ప అడిగితే లేదంటివి కదమ్మా?"

"డాక్టరుసామి మనిషి మొకాన ఎట్లా చెప్పేది? ప్రాణం పోసిన మనిషి చేసిన పనికి వంక పెట్టినట్టుండదా? ఇంగ నొప్పంటే ఇంకో సూది పొడుస్తారు. ఇంటికి పంపియ్యరు."

అందరిదీ ఇదే వరస. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మనవాళ్లేమో అడిగినా చెప్పరు! సైదున్నీసా తన గదిలో చిన్న సానరాయి పెట్టుకుంది. శొంఠి కొమ్ము నీళ్లతో అరగదీసి, గంధంలా నుదుటికి పట్టించి, పాత చీర పేలికతో కట్టు కట్టేది. శొంఠితో ఆ నొప్పి పోతుందా అని ఆమెనే అడిగితే నవ్వేది. "పోదులే. పైమంట లోపలిమంటను మరిపిస్తాది. ఇంగ నెత్తిన ఒక చెయ్యి పడితే మనిషికి ధైర్యం."

చదువు రాని ఆమెకు ఒక సంగతి మాత్రం చాలా త్వరగా తెలిసిపోయింది. లావు సూది రోజుల మనుషులకే శొంఠి కావలసి వస్తోంది. సన్న సూది వాళ్లు లేచి కూర్చుని ఉగ్గాణి తిని, ఊరి కబుర్లు చెబుతున్నారు. సూదులు ఉడకబెట్టేది తనే, శొంఠి అరగదీసేదీ తనే. ఈ రెండూ కలిపి చూసిన మనిషి ఆ ఆసుపత్రిలో ఇంకెవరున్నారు?

చెబుదామనే అనుకుంది. ఇంతలో భారతమ్మ దిండుగలీబు మీద పసుపుపచ్చ మరక నారాయణ కంటబడింది. అది డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన గలీబు వాసన చూసి మండిపడ్డాడు.

"ఇది ఆసుపత్రా, పచారీ కొట్టా? ఒక పక్క నేను సైన్సు చేస్తుంటే, ఇంకో పక్క నువ్వు శొంఠి వైద్యమా? రేపు ఒకరికి కళ్లలో పడితే ఎవరు జవాబుదారీ? ఇదే చివరిసారి. ఇంకోసారి శొంఠి కనబడితే, మూట సర్దుకుని నా ముందుకు రా. అన్నీ అప్పజెప్పి వెళ్లిపోదువుగాని."

సైదున్నీసా చెయ్యి దానంతటదే కొంగు ముడి మీదికి పోయింది. చెప్పాలనుకున్న మాట చెప్పలేదు, శొంఠి మాత్రం చాటుగా అరగదీస్తూనే ఉంది.

నెలకల్లా లెక్క తేలింది. అరవై నాలుగు మంది. తలనొప్పి ఉన్నవాళ్లు, ఒక్కరూ లేరు! డాక్టరు ఎగిరి గంతేయలేదు గాని, దాదాపు ఆ పనే చేశాడు. "రెండు సూదులకూ తేడాయే లేదు నారాయణా! సన్నవి వంగిపోతున్నాయి, విరుగుతాయేమోనని భయం, మద్రాసు నుంచి పార్సిల్ రావాలి. ఎందుకీ తద్దినం? అన్నీ బీరువాలో పెట్టు. ఇకనుంచి లావువే." పొంగిపోతూ వ్యాసం రాయడానికి కూర్చున్నాడు.

సైదున్నీసాకు రెండు రోజులు అన్నం సహించలేదు. నోరు విప్పితే శొంఠి మానలేదని తేలుతుంది, గది పోతుంది. విప్పకపోతే ఈ ఆసుపత్రికి వచ్చే ప్రతి మనిషి తలా పగులుతుంది, ఆ సభలో వ్యాసం విన్నాక ఇంకెన్ని ఊళ్లలో తలలు పగులుతాయో. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా నోరు విప్పలేదు. మనిషే కదా మరి.

ఈ చిక్కును విప్పినవి డాక్టరుగారి మొలలు. అవును, అవే. మూడేళ్లుగా ఆయన వాటిని ఎవరికీ చెప్పకుండా భరిస్తున్నాడు. అందరికీ నొప్పి దాచొద్దని చెప్పే పెద్దమనిషి తనది మాత్రం కుర్చీలో మెత్త వేసుకుని దాచాడు! చివరికి కూర్చోవడమే కష్టమైతే, జమ్మలమడుగు నుంచి స్నేహితుడు డాక్టర్ రామాన్ని పిలిపించుకున్నాడు. వెన్నుసూది తప్పలేదు. సన్నవి బీరువాలో ఉన్నాయిగా, లావుదే పడింది. అలవాటుగా సైదున్నీసా ముందుకొచ్చి ఆయన తల భుజానికి ఆనించుకుంది.

"కడుపులో బిడ్డ మాదిరి ముడుచుకో సార్, అంతే, అయిపోయె."

రెండో రోజు గడిచింది. మూడో రోజు పొద్దున నారాయణ, లెక్క ముగిసినా అలవాటు మానక, రిజిస్టరుతో వచ్చి, బిడియపడుతూ అడిగాడు. "తలనొప్పి ఏమన్నా... ఉండాదా సార్?"

"ఏమీ లేదు. రాసుకో" అన్నాడు డాక్టరు, దిండు లేకుండా వెల్లకిలా పడుకుని, పైకప్పును చూస్తూ.

పది గంటలకు కాఫీ తాగుదామని లేచి కూర్చోబోయాడు. కాఫీ దుప్పటి మీద పడింది, ఆయన మంచం మీద పడ్డాడు. కాసేపు కళ్లు తెరవలేదు. నేల తుడుస్తున్న సైదున్నీసాకు ఆ పడడం కొత్తేమీ కాదు. అరవై నాలుగు మందిలో కొందరు అలాగే పడ్డారు.

"సైదున్నీసా" అన్నాడు డాక్టరు మెల్లగా. "తలుపు వెయ్యి. నీ దగ్గర... ఆ శొంఠి ఇంకా ఉందా?"

సైదున్నీసా తలుపు మూసింది. నన్ను పట్టుకోడానికి వేసిన ఎత్తా ఇది? ఉందంటే పని పోతుంది. లేదంటే సరి, తాళంచెవి కొంగునే ఉంటుంది. ఆయన ముఖం వంక చూసింది. మంచం పట్టె గట్టిగా పట్టుకున్న వేళ్లు తెల్లబడి ఉన్నాయి. యా అల్లా, ఎత్తయితే ఏంది, మనిషికి నొస్తాంది, అనుకుని బయటికి నడిచింది.

పావుగంటకు తిరిగి వచ్చింది. ఒక చేతిలో శొంఠి గంధం గిన్నె, ఇంకో చేతిలో బట్టల మూట. మూట గోడవారగా దించింది. కొంగు ముడి విప్పి తాళంచెవిని కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. నుదుటికి పట్టు వేసి, పేలిక చుట్టి కట్టింది.

"ఆ మూట ఏమిటి?"

"మీరే సెప్పినారు కద సార్. శొంఠి కనబడితే మూట సర్దుకొని రమ్మని. తెచ్చినా. అన్నీ అప్పజెప్తాండా."

డాక్టరు శొంఠి ఘాటుకు కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఇంతకుముందు... ఇది ఎంతమందికి వేశావు?"

పోయేది ఎలాగూ పోయింది, ఇంక భయమెందుకు? సైదున్నీసా నిలబడి చెప్పింది. సింహాద్రిపురం భారతమ్మ, లింగాల మీసాలాయన, ఎర్రగుంట్ల టైలరు వలి బాషా... పేరు, ఊరు, ఆపరేషన్ చేసిన వారం, ఒక్కటీ తప్పకుండా. డాక్టరు నారాయణను పిలిచి రిజిస్టరు తెరిపించాడు. ఆమె చెప్పిన కొద్దీ నారాయణ తేదీ చూసి, "లావు సూది సార్... ఇదీ లావే సార్..." అంటూ పోయాడు. పందొమ్మిది మంది తేలారు. అందులో పదహారు మంది లావు సూది వాళ్లే.

"మరి ఒక్కరూ చెప్పలేదేం?" డాక్టరు గొంతులో కోపం ఉంది, అంతకు మించి బాధ ఉంది. "ప్రతి మంచం దగ్గరికీ మనిషిని పంపి అడిగించాను కదా! నోరు తెరిచి ఉందని చెప్పడానికి వీళ్లకేం కష్టం?"

సైదున్నీసా గిన్నె కింద పెట్టింది.

"పొద్దున నారాయణప్ప అడిగితే మీరేం సెప్పినారు సార్?"

నారాయణ గబుక్కున గోడవైపు తిరిగాడు. డాక్టరుకు నవ్వు వచ్చింది, ఆ నవ్వుకు తల అదిరింది, అదిరినందుకు మళ్లీ మూలిగాడు. మూలుగు ఆగాక పడుకునే చెయ్యి చాచి, "ఆ రిజిస్టరు ఇటివ్వు" అన్నాడు. తన పేరు ఎదురుగా ఉన్న "లేదు"ను కొట్టేసి, వంకర అక్షరాలతో "ఉంది" అని రాశాడు. బీరువాలోంచి సన్న సూదులు తియ్యమన్నాడు. పాత వ్యాసం చింపెయ్యమన్నాడు. రేపటినుంచి తలనొప్పి ఉందా అని నారాయణ అడగనక్కర్లేదని, శొంఠి ఎవరడిగారో సైదున్నీసాను అడిగి రాసుకుంటే చాలని చెప్పాడు.

సైదున్నీసాకు తన సంగతేమిటో ఇంకా అర్థం కాలేదు. పోవాలా, ఉండాలా? వంగి మూట అందుకుని గుమ్మం దాకా వెళ్లింది.

"సైదున్నీసా" అన్నాడు డాక్టరు, కళ్లు మూసుకునే. "నీ తాళంచెవి ఇక్కడ మర్చిపోయావు."

ఆమె మర్చిపోలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.