తాళం పడ్డ ఊరు

వెనకబడిన మండలాలకు ఇచ్చిన అభివృద్ధి నిధి పట్నానికీ పల్లెకూ మధ్య ఎడాన్ని తగ్గించిందా లేదా అని తేల్చడం మా ఆఫీసు పని. నాకు రెండు ఊళ్లు అప్పగించారు. ఒక ఊరికి ఆ నిధితో రోడ్డు పడింది, అదీ సగమే, ఊరి బయటి కల్వర్టు దాకా. మిగతా సగం రావాలంటే మా రిపోర్టు దయ చూపాలి. పక్క ఊరికి ఏమీ ఇవ్వలేదు.

రోడ్డు పడ్డ ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. మూడుసార్లు వెళ్లినా తాళమే ఉంటే ‘వలస పోయారు’ అని రాయడం మా పద్ధతి. నేను మూడుసార్లూ మిట్టమధ్యాహ్నమే వెళ్లాను; తిరుగు బస్సు మూడింటికి మరి. పక్క ఊళ్లో తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, అరుగుల నిండా జనం. నిధి దండగ అని రాసేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

తిరిగి పట్నంలో, ఆ ఆదివారం బొల్లారంలో చర్చి అయ్యాక ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక కూరగాయల బండి దగ్గర టమాటాలకు ఆగాను. అమ్మే ఆమెది ఆ రోడ్డు పడ్డ ఊరేనట. “పాపం, మీ ఊరంతా వలస పోయింది కదమ్మా” అన్నాను.

ఆమె తూకం ఆపి నన్ను ఎగాదిగా చూసింది. “ఎవలు జెప్పిండ్రు మేడం? పొద్దుగాల బస్సుకు కూరగాయలు పట్కొని ఈడికొస్తం. పొద్దుమూకేసరికి ఇంట్ల ఉంటం. రోడ్డు లేనప్పుడు గివన్నీ చేన్లనే మురుగుతుండె. ఇంటికాడికెల్లి కల్వర్టు దాకా గంపలు మోసుడే తక్లీఫ్.”

నా చెవులు వేడెక్కాయి. అలా రాసింది నేనేనని ఒప్పుకున్నాను. ఆమె పక్క బండి ఆమెకు చెప్పి మరీ పడీపడీ నవ్వింది. నాకూ నవ్వాగలేదు.

“మాపటికి రాండ్రి మేడం. తాళాలు తీసి చూపెడ్తం” అంది.

మా పై అధికారితో పోట్లాడి రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. ఈసారి రాత్రి అక్కడే ఉండేలా సాయంత్రం వెళ్తే ప్రతి ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, ప్రతి ఇంట్లో చాయ్ తాగాల్సి వచ్చింది. పక్క ఊరికీ వెళ్లి, మొదటిసారి అడగని మాట అడిగాను: మధ్యాహ్నం పూట అందరూ ఇళ్లలోనే ఎందుకున్నారని.

“యాడికి పోవాలె బిడ్డా? బస్సే లేకపాయె” అన్నాడొక పెద్దాయన.

రెండు ఊళ్ల సంగతీ ఉన్నదున్నట్టు రాశాను. కల్వర్టు అవతలి సగం రోడ్డు పడింది. ఆ తర్వాత పక్క ఊరికీ రోడ్డు పడి, బస్సు షురూ అయింది. పోయిన నెల పనిగట్టుకుని మధ్యాహ్నమే అక్కడికి వెళ్లాను. ఆ పెద్దాయన ఇంటికి తాళం వేసి ఉంది. ఏ తలుపు ముందూ నేనంత సంతోషంగా నిలబడలేదు.