అండాలమ్మ గారి బాత్రూం తలుపు

1998 వేసవి. పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు పక్కన నాకు లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. కంపెనీ నుంచి వచ్చే లారీకి ఇంజను, చక్రాలు, రెండు పొడవాటి ఇనుప దూలాలు తప్ప ఏమీ ఉండవు. దాన్నే ఛాసి అంటారు. మిగతాదంతా మేం కట్టాలి. ఇటుకల లారీ, గొర్రెల లారీ, జిన్నారం ఫ్యాక్టరీలకు యాసిడ్ మోసే ట్యాంకర్, ఏదడిగినా కట్టిచ్చేవాణ్ణి. నా పనికి వంక పెట్టినవాడు లేడని కాస్త పొగరు కూడా ఉండేది.

అలాంటి రోజుల్లో విఠల్‌రెడ్డి గారు మిలిటరీ వేలంలో కొన్న పాత ట్రక్కు ఛాసిని తనే నడుపుకుంటూ మా షెడ్డుకు తెచ్చారు. పెద్ద ఫ్యాక్టరీలో మెషీన్ షాపులో ముప్పై ఏళ్లు చేసి రిటైరై, పటేల్‌గూడలో ఇల్లు కట్టుకున్న మనిషి.

"ఖాజా భాయ్, దీని మీద ఒక ఇల్లు కట్టాలె" అన్నారు.

"ఇల్లా?"

"మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, బాత్రూం. లడఖ్‌ల ఉన్న లేహ్ దాకా పోవాలె. ముప్పై ఏండ్ల సంది నేను చేసిన పార్టులు దేశమంత తిరిగినయి. నేను మాత్రం జహీరాబాద్ దాటలే."

నాకు నవ్వొచ్చింది. కానీ పక్కనే నిలబడ్డ ఆయన భార్య అండాలమ్మ గారిని చూసి మింగేశాను. ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

"బాత్రూం తలుపు మంచిగ పడాలె, మంచిగ తెరుసుకోవాలె. లేకుంటె నేను రాను" అన్నారు.

ఆవిడ ఓసారి యాత్రల బస్సులో కాశీకి వెళ్లారట. దారి పొడవునా చాటు కోసం వెతుక్కోలేక ప్రాణం విసిగి, ఇక ఊరు కదలనని ఒట్టు పెట్టుకున్నారట.

ఆవిడ అటు వెళ్లాక, "అమ్మ రాకుంటె మీరొక్కరే పోయి రారాదు సార్?" అన్నాను.

"సగం నౌకరీ నైట్ షిఫ్టులల్లనే పోయింది. ఇంట్ల ఆమె ఒక్కతే ఉన్నది. ఇగ ఇడిచిపెట్టి యాడికి పోను" అన్నారాయన.

అంటే లేహ్ ప్రయాణం మొత్తం ఆ ఒక్క తలుపు మీద నిలబడిందన్నమాట.

అందుకే ఎక్కడా లోటు చేయలేదు. లారీ బాడీలకు కర్ర వాడతాం. దీనికి మాత్రం చదరపు ఇనుప పైపులు వెల్డింగ్ చేసి, రేకు తొడిగి, ఒకే పెట్టెలా కట్టాను. దాన్ని ఛాసి మీద పెట్టి నాలుగు మూలలా యూ బోల్టులు వేశాను. ఇవి దూలాన్ని చుట్టి పట్టుకునే వంపు బోల్టులు. మామూలుగా మూలకొకటి చాలు, నేను రెండేసి బిగించాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి, ఇది జైలు బండా, ఐస్‌క్రీం బండా అని అడిగేవాళ్లు. బాత్రూం తలుపుకు ఇత్తడి గడియ పెట్టాను. ఆవిడ పదిసార్లు వేసి తీసి, "బాగనే ఉన్నది" అన్నారు.

బండికి పూజ చేయిద్దామని ఒక మంగళవారం ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడికి బయల్దేరాం. తాళాలు అప్పగించేది అక్కడే కాబట్టి నేనూ ఎక్కాను. గుడి దగ్గర చోటు లేక విఠల్ సార్ ఎడమ ముందు చక్రాన్ని మట్టికుప్ప మీదికి ఎక్కించి ఆపారు. పూజారి గారు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మంత్రం అందుకున్నారు. అండాలమ్మ గారు కాళ్లు కడుక్కొని వస్తానని బండి బాత్రూంలోకి వెళ్లారు. మంత్రాలు సగంలో ఉండగా లోపలి నుంచి దబదబా చప్పుడు.

"గడియ తీసిన! తలుపు వస్తలేదు!"

"జెర గట్టిగ నూకు!" అని సార్ అరిచారు.

"నూకుతనే ఉన్న! గోడనన్న కదులుతదేమో గని గిది కదలదు!"

నేను బండిలోకెక్కి బాత్రూం బయటి నుంచి తలుపు లాగాను. కాలు తన్నిపెట్టి లాగాను. పిడి ఊడి చేతిలోకి వచ్చింది. చుట్టూ జనం మూగారు. ఇది కూడా పూజలో భాగమేనా అని ఒకాయన అడిగాడు. చివరికి, "సార్, బండి చదునైన జాగకు తీస్కపోదాం, సుత్తి కొట్టనీకి వీలైతది" అన్నాను.

సార్ స్టీరింగ్ ముందు కూర్చున్నారు కానీ బండి కదపలేదు. పూజ కాకముందే చక్రాలు కదిలితే నిమ్మకాయలు నలిగిపోతాయి. "పూజ ఒడవనీ, అండాలూ. రెండు నిమిషాలు" అన్నారు.

లోపలి నుంచి ఒకే మాట వచ్చింది. "నిమ్మకాయలు గావాల్నా, నేను గావాల్నా?"

బండి కదిలింది. నిమ్మకాయలు నలిగాయి. చక్రం కుప్ప దిగిందో లేదో తలుపు దానంతటదే తెరుచుకుంది. అండాలమ్మ గారు చేతిలో చెంబుతో దిగారు. నేను సిగ్గుతో తల వంచుకుని, తలుపు అంచు కాస్త అరగదీస్తానన్నాను.

"తలుపును అనకు. లోపలున్నది నేను, నాకెరుక. చక్రం పైకెక్కినప్పుడు గది మొత్తం మెలి తిరిగింది. పొయ్యికి మూడు రాళ్లే ఎందుకు పెడ్తరు ఖాజా? నేల ఎట్లున్నా మూడు ఆనుతయి. నాలుగోది పెట్టినవంటె కుండ ఊగుతది. నువ్వు నాలుగు దిక్కులా కట్టేసినవు."

మెషీన్ షాపు మనిషీ, బాడీ షాపు మనిషీ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆవిడ చెప్పింది నిజం. గతుకుల్లో ఛాసి మెలి తిరుగుతుంది, తిరగాలి కూడా. కర్ర బాడీ అయితే కిర్రుమంటూ దాంతోపాటే వంగుతుంది. నా ఇనుప పెట్టె వంగదు కాబట్టి ఆ మెలి అంతా వెళ్లి తలుపు చట్రాన్ని నొక్కింది.

బోల్టులన్నీ విప్పేశాను. పెట్టె కింద వేరే ఫ్రేము వేసి, వెనక రెండు చోట్ల ఆనించి, ముందు మధ్యలో ఒకే లావుపాటి పిన్ను మీద తిరిగేలా కూర్చోబెట్టాను. దీన్ని త్రీ పాయింట్ మౌంటింగ్ అంటారని తర్వాతెప్పుడో ఒక ఇంజనీరు చెప్పాడు.

పని అయ్యాక అండాలమ్మ గారు షెడ్డుకు వచ్చారు. "ఈసారి నేను కూసోను. నువ్వే కూసో. గడియ పెట్టుకో" అన్నారు.

పనివాళ్లు గ్రైండర్లు ఆపి మరీ చూస్తున్నారు. నేను లోపలికెళ్లి గడియ వేసుకున్నాను. సార్ ఎడమ చక్రాన్ని పెద్ద బండరాయి మీదికి ఎక్కించారు. కాళ్ల కింద ఛాసి మూలిగింది. నిజంగా భయమేసింది, నేను ఇరుక్కుంటానని కాదు. ఈ తలుపు రాకపోతే ఆ పెద్దమనిషి జీవితాంతం పటేల్‌గూడ వరండాలో కూర్చుంటాడని. కళ్లు మూసుకుని, గడియ తీసి, ఒక్క వేలితో తోశాను.

తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఎదురుగా అండాలమ్మ గారు. మెచ్చుకుంటారనుకున్నాను.

"ఇంక ఎంత సేపు కూసుంటవు? జరుగు. ఆవకాయ జాడీలు పెట్టుకోవాలె" అన్నారు.

వాళ్లిద్దరూ లేహ్ చూసి వచ్చారు. బిగించడం నాకు ముందే వచ్చు, ఎక్కడ వదులు ఉంచాలో ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఇంకొకటీ నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఏ బండి కట్టినా, తాళం ఇచ్చే ముందు నేను లోపల కూర్చుని తలుపు వేసుకుని చూస్తాను. యాసిడ్ ట్యాంకర్లకు మాత్రం ఈ నియమం లేదు.